మూరెడు లారీకి ఇద్దరు డ్రైవర్లు

మా మావ దగ్గర హెవీ లైసెన్సు పదకొండేళ్లుగా ఉంది. ప్లాస్టిక్ కవర్లో పెట్టి, చొక్కా జేబులో బీడీకట్ట వెనకాల దాచుకునేవాడు. గడువు తీరబోతోందంటే చాలు, గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని వెళ్లి రెన్యువల్ చేయించుకొచ్చేవాడు. ఆ పదకొండేళ్లలో ఆయన లారీ స్టీరింగ్ మీద చెయ్యి వేసింది మాత్రం తుడవడానికే.

లారీ మా నాన్నది. పొడుగు మూతి లారీ. అవతల ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులు కాబట్టి ఇసకా, కంకరా, ఇనప చువ్వలూ, ఏ లోడు దొరికితే అది తోలేవాడు. మావ దానికి క్లీనరు. మా అమ్మకి పెదనాన్న కొడుకు. తగరపువలస అవతల పల్లెలో పొలం పని విసుగెత్తి, డ్రైవరునవుతానని కంచరపాలెంలో మా ఇంటికొచ్చాడు. నలభై దాటాయి, ఇంకా క్లీనరే.

దానికి కారణం ఒక గోడ. మావకి లైసెన్సొచ్చిన కొత్తలో, ఎవరిదో ఇల్లు కట్టే స్థలంలోకి లారీ పెట్టమని మా నాన్న ఆయనకి సీటిచ్చాడట. తాను దిగి, లారీకి ఎదురుగా నిలబడి, "కుడికి కొట్టు, కుడికి" అని దారి చూపించాడట. మావ తిన్నగా తీసుకెళ్లి గేటు పక్క గోడ పడేశాడు. "నీకు కుడీ ఎడమా తెల్దురా" అని మా నాన్న అక్కడికక్కడే తీర్పు చెప్పేశాడు. ఆ తీర్పు మీద అప్పీలు లేదు. ప్రతి దసరాకీ మా అమ్మ మాత్రం ఒక అర్జీ పెట్టేది.

"ఈ యేడైనా నా తమ్ముడికి స్టీరింగియ్యి" అనేది.

"సూద్దాం" అనేవాడు మా నాన్న. మా ఇంట్లో సూద్దామంటే వచ్చే దసరా అని అర్థం.

మావ పని మావ చేసుకునేవాడు. పాత ఊళ్లోని ఇరుకు సందుల్లోకి లారీ వెళ్లాలంటే ముందు ఆయన దిగాలి. లారీకి ఎదురుగా నిలబడి, వెనక్కి వెనక్కి నడుస్తూ, రెండు చేతులూ ఊపుతూ, "రానీ, రానీ, కూసింత ఎడమ, ఎడమ, సాల్" అని కేకలేస్తూ తీసుకొచ్చేవాడు. అరుగుల మీది ముసలమ్మలు కాళ్లు ముడుచుకునేవారు. లారీ ఒక్క అరుగుకీ తగలకుండా బయటపడేది. అప్పుడు మా నాన్న కిటికీలోంచి తల బయటపెట్టి, "అదీ డ్రైవింగంటే" అనేవాడు.

నా సంగతికొస్తే, నేను పోర్టు వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్ని. క్రేన్ల మోటార్లు బాగుచేసేవాణ్ణి. లారీ నడపడం నాకు రాదు, రావాలని కోరికా లేదు. దీన్ని మా నాన్న ఒక అంగవైకల్యంలా చూసేవాడు. ఇంటికొచ్చిన వాళ్లకి నన్ను పరిచయం చేస్తూ, "మావోడు కరెంటోడు" అని, కాస్త ఆగి, "బాగానే ఉంటాడు" అనేవాడు.

ఎనభైల మొదట్లో ఒకరోజు పాత ఊళ్లో రేడియోలు బాగుచేసే సాయిబు గారి కొట్టుకి వెళ్లాను. ఆయన షాపు వైరింగు మార్చిపెట్టాను కాబట్టి నా మీద కాస్త అభిమానం. ఎవరో ఓడ మనిషి అమ్ముకున్న విదేశీ బొమ్మ కారొకటి బల్ల మీద పడి ఉంది. ఎర్ర రేసు కారు. ఏదో బరువు మీద పడి పై తొడుగంతా అప్పడంలా నలిగిపోయింది. కానీ లోపలి రేడియో బాగుంది. దాంతోపాటు చేతిలో పట్టుకునే పెట్టె ఒకటి, దానికి పొడుగాటి యాంటెన్నా, రెండు పుల్లలు. ఒక పుల్ల ముందుకీ వెనక్కీ, ఇంకోటి కుడికీ ఎడమకీ. వైరు లేకుండా పదిహేను గజాల దూరంలో చక్రాలు తిరిగాయి. నేను నోరు తెరుచుకుని చూశాను. రోజూ నలభై టన్నుల క్రేన్లతో పనిచేసేవాణ్ణి, ఆ గుప్పెడు బొమ్మ ముందు పసిపిల్లాడినైపోయాను.

"తీస్కపో భాయ్, నీ వైరింగుకి ఇది చెల్లు" అన్నాడు సాయిబు గారు. "మళ్లీ రేసు కారు మాత్రం సెయ్యకు. రేసు కారు మన ఊళ్లో ఎవడు సూసేడు. లారీ సెయ్యి."

చేశాను. ఆదివారాలు, సెలవులు, ఒంట్లో బాగోలేదని పెట్టిన రెండు లీవులు అన్నీ దానికే పోశాను. వర్క్‌షాపు చెత్తలో దొరికిన అల్యూమినియం పట్టీలతో ఛాసిస్. పాత నూనె డబ్బా రేకు కత్తిరించి, మా నాన్న లారీని చూస్తూ ముక్కూ మూతీ వంచి, క్యాబిన్. టీ పెట్టె చెక్కతో బాడీ. అరిగిపోయిన హవాయి చెప్పుల రబ్బరుతో టైర్లు. మూరెడు పొడుగు తేలింది. మొదటిసారి అరుగు మీద నడిపినప్పుడు జోరుగా పరిగెత్తి అమ్మ కాలికి తగిలింది. నేను గర్వంగా మా నాన్న వైపు చూశాను.

ఆయన గొంతుక్కూర్చుని చాలాసేపు పరీక్షించాడు. ఆర్టీవో కూడా ఏ బండినీ అంతసేపు చూసి ఉండడు.

"ఎనకాల సింగిల్ టైర్లేటిరా" అన్నాడు.

"బొమ్మ కదా నాన్నా."

"బొమ్మయితే మట్టుకు? డబుల్ టైర్లు లేకపోతే అది లారీ అవుద్దేటి? ఆటో అంటారు."

డబుల్ టైర్లు వేశాను. మరుసటి ఆదివారం కుదుపులు ఆపే కమాను పట్టీలు లేవన్నాడు. విరిగిన హాక్సా బ్లేళ్లు పేర్చి కమాన్లు కట్టాను. ఆపై ఆదివారం తాళ్లు కట్టే కొక్కేలు లేవన్నాడు. కొక్కేలు పెట్టాక టార్పాలిన్ ఏదన్నాడు. మావ పాత గొడుగు గుడ్డ కత్తిరించి, అంచులు మడిచి కుట్టి, పురికొస తాళ్లతో బాడీ మీద బిగించాడు. ఆ ముడులు మా అసలు లారీ ముడుల్లాంటివే, లాగితే ఊడవు, విప్పితే ఒక్క వేలితో వస్తాయి. ముంగిట్లో కూర్చుని రోజూ రెండు లారీలూ కడిగేవాడు, పెద్దది, చిన్నది. చిన్నదాన్ని కడగొద్దు మావా, లోపల కరెంటుంది అని నేను మొత్తుకునేవాణ్ణి. "పైపైన్నే సేత్తన్నాన్లే" అనేవాడు.

మా నాన్న క్యాబిన్లో దేవుడి పటం ఉండాలన్నాడు. అగ్గిపెట్టె మీది బొమ్మ కత్తిరించి అతికించాను. హారన్ ఉండాలన్నాడు, పెట్టాను. లైట్లుండాలన్నాడు. సైకిలు డైనమో లైటు ముక్కలతో హెడ్‌లైట్లు పెట్టాను. చివరికి లారీ కదలడం మానేసింది. మోటారు మూలిగింది, పొగొచ్చింది, మా అమ్మ వంటింట్లోంచి ఏదో మాడుతోందని పరిగెత్తుకొచ్చింది.

"ఇంజను పవరు సాలదు" అన్నాడు మా నాన్న, ఆ బరువుతో తనకేమీ సంబంధం లేనట్టు.

నాకు ఒళ్లు మండింది. కానీ అప్పటికే వదల్లేని స్థితికి వచ్చేశాను. పాడైన టేబుల్ ఫ్యాన్లో తల అటూ ఇటూ తిప్పే పళ్ల చక్రాలుంటాయి, అవి పీకి మోటారుకి తగిలించాను. దాంతో జోరు చచ్చిపోయింది కానీ బలం వచ్చింది. ఇటుక పెడితే ఇటుకని లాగింది. ఆ మోటారు టార్చి బ్యాటరీలు గంటకో జత చొప్పున మింగేస్తుంటే, పాత స్కూటరు బ్యాటరీ తెచ్చి బాడీలో పెట్టి టార్పాలిన్ కప్పేశాను. మా నాన్న మొట్టమొదటిసారి తృప్తిగా తలూపాడు. "ఇప్పుడు లోడు మీదున్నట్టుంది" అన్నాడు.

ఇంకో గొడవ మిగిలింది. వీధిలో స్కూటరు వెళ్తే చాలు, మా లారీ దానంతటదే ఎడమకి తల తిప్పేది. పక్కింట్లో మిక్సీ వేస్తే ముందుకి కదిలేది. ఒకసారి పచ్చడి చేసుకుంటున్నంతసేపూ నడిచి గుమ్మం దిగిపోయింది. మా అమ్మ దానికి దిష్టి తీసింది. సాయిబు గారు వచ్చి, మోటారు మీద ఒక చిన్న కెపాసిటర్ టంకం వేసి, రిసీవరు వైరు పొడుగు చేశాడు. "ఇప్పుడు ఎవరి మాటా ఇనదు, మీ మాట తప్ప" అన్నాడు. ఆయన పెట్టిన కెపాసిటర్ కన్నా దిష్టే పనిచేసిందని మా అమ్మ ఇప్పటికీ అంటుంది.

ఇదంతా దసరాకి సిద్ధమైంది. దసరా నాడు మా వీధిలో లారీలన్నిటికీ పూజ. కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, బంతిపూల దండలేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించేవారు. ఆ ఏడు మా ముంగిట్లో పెద్ద లారీ పక్కన చిన్న లారీ కూడా దండేసుకుని నిలబడింది. వీధి వీధంతా వచ్చి చేరింది. పెద్ద లారీని ఎవరూ చూడలేదు.

పొద్దున్నే మా అమ్మ అర్జీ పెట్టింది. మా నాన్న సూద్దామన్నాడు. మావ టార్పాలిన్ ముడులు సరిచూస్తున్నాడు. ఆయన ముఖంలో ఏమీ మార్పు లేదు, కానీ ఆరోజు ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. జేబులో ప్లాస్టిక్ కవరు కనిపిస్తోంది. నాకు ఆ కవరు చూసినప్పుడల్లా బాధేసేది. బాధపడి ఊరుకునేవాణ్ణి, అంతకుమించి చేసిందేమీ లేదు.

పెద్ద లారీ పూజయ్యాక మా నాన్న నా చేతిలోంచి రిమోట్ తీసుకున్నాడు. "ముప్పయ్యేళ్ల సర్వీసురా, ఇదెంత" అన్నాడు. అప్పటిదాకా దాన్ని ఆయన ముట్టుకోలేదు, బండి పూర్తికాకుండా సీటెక్కకూడదని ఆయన నియమం.

మా అమ్మ చిన్న లారీ ముందు చక్రం దగ్గర ఒక నిమ్మకాయ పెట్టింది. నిమ్మకాయ, చక్రం ఒకే ఎత్తున్నాయి.

"కోసి ముక్క పెట్టమ్మా, ఎక్కదు" అన్నాను.

"కోసిన నిమ్మకాయ ఏ లారీకి పెట్టార్రా" అని మా నాన్న పుల్ల ముందుకి తోశాడు.

లారీ నిమ్మకాయని తొక్కలేదు, నెట్టింది. మా వీధి పల్లానికి ఉంటుంది. నిమ్మకాయ దొర్లడం మొదలెట్టింది, దాని వెనకాల లారీ, దాని వెనకాల రిమోట్ పట్టుకుని మా నాన్న, ఆయన వెనకాల వీధంతా. నాలుగిళ్లు దాటేదాకా ఆ ఊరేగింపు బాగా సాగింది. నిమ్మకాయ కాలవలో పడింది. మా నాన్న లారీని ఆపి, హుందాగా వెనక్కి తిప్పాడు. ఇప్పుడు లారీ మూతి ఆయన వైపుంది.

అక్కణ్ణించి కథ మారిపోయింది. ఎడమకి కాలవుంది, ఆయన లారీని కుడికి తిప్పాలనుకున్నాడు. అది తిన్నగా కాలవ వైపే వెళ్లింది. ఇంకా గట్టిగా తిప్పాడు, ఇంకా వేగంగా వెళ్లింది. కాలవలో పడింది. మావ దిగి తీసి, తుడిచి, మళ్లీ రోడ్డు మీద పెట్టాడు. మళ్లీ మా నాన్న వైపు వస్తూ మళ్లీ అదే కాలవ. మూడోసారి కాలవ వదిలేసి అక్కడి ఇంటావిడ ముగ్గు మీదుగా పోయి ఆవిడ కుంపటికి గుద్దుకుంది.

"మళ్లీ మిక్సీ ఎవరేసేరు" అన్నాడు మా నాన్న వీధంతా చూస్తూ. ఎవరూ వెయ్యలేదు. అందరూ బయటే ఉన్నారు.

ముప్పయ్యేళ్ల సర్వీసు చెమటలు కక్కుతోంది. లోపల్లోపల నాకు సంతోషంగా ఉంది, అబద్ధమెందుకు. ఇది రేడియో లారీలన్నిటికీ ఉన్న చిక్కే. మూతి మనవైపు తిరిగినప్పుడు దాని కుడి మనకి ఎడమవుతుంది. నాకు అది నేర్చుకోవడానికి నెల పట్టింది. ఆ మాట ముందే చెప్పొచ్చు. డబుల్ టైర్లూ, కమాను పట్టీలూ గుర్తొచ్చి చెప్పలేదు.

"నా తమ్ముడికియ్యి" అంది మా అమ్మ.

"ఆడికేటి తెలుసు. కుడీ ఎడమా తెలీనోడు."

"నీకు తెలిసింది సూసేం కదా" అంది అమ్మ. వీధిలో ఎవరో నవ్వారు. మా నాన్న కోపంగా రిమోట్ మావ చేతిలో పెట్టాడు.

మావ దాన్ని రెండు చేతులతో, ప్రసాదం పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. అంతకుముందు దాన్ని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. నేనివ్వలేదు. నెలల తరబడి నాతో కూర్చుని ముడులు వేశాడు, బురద తుడిచాడు, ఒక్కసారి నడుపు మావా అని నాకు తోచలేదు. ఆ క్షణంలో అది గుర్తొచ్చి సిగ్గేసింది.

ఆయన లారీ వైపు చూస్తూ పెదాల్లో గొణుక్కున్నాడు. "రానీ, రానీ. కూసింత ఎడమ. సాల్. రానీ." కుంపటి దగ్గర్నుంచి లారీ మూతి తిప్పుకుని, ముగ్గు చెరపకుండా పక్కనుంచి వచ్చి, జనం కాళ్ల మధ్య సందులోంచి, కాలవ గట్టుకి బెత్తెడు దూరంలో, నూలు పట్టినట్టు నడిచొచ్చింది. ఆయన కాళ్లు వాటంతటవే వెనక్కి వెనక్కి నడుస్తున్నాయి. ఈలోపు అమ్మ చప్పుడు చెయ్యకుండా నాలుగు నిమ్మ చెక్కలు కోసి నేల మీద పెట్టింది. లారీ వాటి మీదుగా ఎక్కి దిగి, పెద్ద లారీ పక్కన మొదట నిలబడ్డ చోటే ఆగింది. కోసిన నిమ్మకాయల గురించి మా నాన్న ఏమీ అనలేదు.

"ఎలాగ తిప్పేవురా" అన్నాడు.

"ఏటుంది బావా. నువ్వు లోపల కూకుంటావు, లారీ ఎటు తిరిగితే నువ్వూ అటే తిరుగుతావు. నాను ఇన్నేళ్లబట్టి ఎదర నిల్సోనే సూత్తన్నాను. నా కుడి నీకు ఎడమ. సందులో కేకేసినప్పుడల్లా నా కుడి కాదు, నీ కుడే సెప్పేవోణ్ణి."

మా నాన్న ఆ పూట సరిగ్గా భోంచెయ్యలేదు. జనం వెళ్లాక గుమ్మం మీద కూర్చుని, చిన్న లారీని మూతి తనవైపు పెట్టుకుని చాలాసేపు చూశాడు. కుడిచెయ్యి ఎత్తాడు. దించాడు. ఎడమచెయ్యి ఎత్తాడు. మావ ఎదురరుగు మీద బీడీ ముట్టించుకుంటున్నాడు.

"ఆ గోడ పడిన్నాడు" అన్నాడు మా నాన్న. "నాను ఎదర నిల్సున్నాను."

"నిల్సున్నావు."

"కుడన్నాను."

"అన్నావు."

"నువ్వు కుడికే కొట్టేవు."

మావ అగ్గిపుల్ల ఆర్పి పక్కన పెట్టాడు. "కుడికే కొట్టేను బావా."

మా అమ్మ గుమ్మంలో నిలబడిపోయింది. వీధిలో కోళ్లు తిరుగుతున్నాయి. నేను రిమోట్‌లో బ్యాటరీలు తీస్తున్నట్టు నటించాను.

"అప్పుడే సెప్పొచ్చు కదరా."

"సెప్తే ఇంటావేటి" అన్నాడు మావ. అందులో దెప్పడం లేదు. రోజూ ఉన్న సంగతి చెప్పినట్టే చెప్పాడు. అందుకే నాకు ఇంకా కష్టంగా అనిపించింది.

మా నాన్న లేచి లోపలికెళ్లిపోయాడు. మర్నాడంతా ఎవరితోనూ మాట్లాడలేదు. మా అమ్మ కూడా ఆయన్ని కదపలేదు, పదకొండేళ్లలో ఆవిడ పెట్టిన అర్జీలన్నిటికన్నా ఆ ఊరుకోవడమే గట్టిది.

ఆ తర్వాతి రోజు పొద్దున్న అచ్యుతాపురం వైపు ఇనప చువ్వల లోడుంది. మావ ఎప్పట్లాగే నీళ్లు పోసి, టైర్లు తట్టి చూసి, తాళ్లు లాగి చూసి, ఎడమ తలుపు తీశాడు. లోపల మా నాన్న కూర్చుని ఉన్నాడు, టిఫిను క్యారేజీ ఒళ్లో పెట్టుకుని, తిన్నగా అద్దంలోంచి ముందుకి చూస్తూ. అవతల స్టీరింగు ముందు సీటు ఖాళీగా ఉంది.

"తలుపెయ్యి, దుమ్మొత్తంది" అన్నాడు మా నాన్న.

మావ తలుపేశాడు. లారీ ముందునుంచి చుట్టూ తిరిగి అటు వెళ్లబోయి, మూతి దగ్గర ఆగిపోయాడు. రేడియేటరు మీద రెండు చేతులూ ఆనించి, తల వంచుకుని నిలబడ్డాడు. పొడుగు మూతి లారీ కాబట్టి లోపలున్న మనిషికి ఆయన కనపడడు. గుమ్మంలో ఉన్న నాకు కనపడుతున్నాడు. నలభై దాటిన మనిషి, భుజాలు కదిలిపోతున్నాయి.

"ఏటిరా అక్కడ సేత్తన్నావ్" అని కేకేశాడు మా నాన్న లోపల్నుంచి.

"నీళ్లు సూత్తన్నాను బావా, ఒత్తన్నాను" అన్నాడు మావ.